చేదు నీళ్లు పసిగట్టిన అక్క

సోమవారం పొద్దున అక్క కోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మ పోయింది మేడమ్. మంచిగనే తిని పండుకున్నది, పొద్దుగాల లేవలే."

అక్క నాకు చుట్టం కాదు. పటాన్‌చెరు దగ్గర మందుల పరీక్షలు చేసే మా ల్యాబులో ఎలుకల గది చూసుకునేది. ఊరు ఇస్మాయిల్‌ఖాన్‌పేట, చదువు ఐదో తరగతి. నలుగురిలో నన్ను మేడమ్ అనేది, ఎవరూ లేకపోతే బిడ్డా అనేది. ఇంత చదువు చదివి వచ్చిన నాకు ఎలుకను పట్టుకోవడం నేర్పింది ఆమే. "గట్టిగ వడ్తె అది భయపడ్తది, వదులుగ వడ్తె నువ్వు భయపడ్తవ్" అని నవ్వేది.

నాకు అప్పగించిన మొదటి ప్రయోగం కెఫీన్ మీద. ఎలుకల క్లోమంలో క్యాన్సర్ పుట్టించే రసాయనం అన్నిటికీ ఎక్కించాం. ఆ తర్వాత సగం ఎలుకలకు కెఫీన్ కలిపిన చేదు నీళ్లు, మిగతా సగానికి మామూలు నీళ్లు. కెఫీన్ వల్ల కణితులు పెరుగుతాయా, తగ్గుతాయా అన్నది తేలాలి. సంగతి విని అక్క, "నేను దినాం ఏడు చాయ్‌లు తాగుత. నన్ను గూడ ఒక పంజరంల ఏసి సూడుండ్రి" అంది.

ఒక రోజు ఆమె సెలవు పెడితే సీసాలు నేనే నింపి తగిలించాను. మర్నాడు అక్క గదిలోకి వచ్చి, రెండు వరుసల పంజరాల ముందు అలాగే నిలబడిపోయింది.

"గీ చేదు నీళ్లు ఇవి ఎన్నడు గింత తాగలే. గవేమో మంచినీళ్లు సగం గూడ తాగలే. ఏం జేసినవ్ బిడ్డా?"

రెండు వరుసల సీసాలూ తారుమారు చేశానని అప్పుడు తెలిసింది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కూడా కాలేదు.

"ఒక్క రోజే కదక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క కోప్పడలేదు. "మనం నిజం రాస్తమనే గద, అవి సస్తున్నయి. నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?"

నేనే వెళ్లి చెప్పాను. పెద్దసారు అరగంట చెడామడా తిట్టారు గానీ ఉద్యోగం తీయలేదు. జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాయమన్నారు. ఆ తిట్లన్నీ బయట నిలబడి విన్న అక్క, నేను రాగానే చేతిలో చాయ్ పెట్టి, "తాగు, ఇగ అయిపోయింది" అంది.

ప్రయోగం ముగిసి ఎలుకలను కోసే రోజు, చూడలేవు ఇంటికి పొమ్మని అందరం ఆమెకు చెప్పాం. వినలేదు. "పెంచిన చెయ్యే ఎత్తాలె" అంటూ ఒక్కొక్కదాన్నీ తనే తీసుకొచ్చి ఇచ్చింది. ఆ రోజు అన్నం తినలేదు. ఏడు చాయ్‌లలో ఒక్కటీ తాగలేదు.

అక్కను చివరిసారి చూసి వచ్చాక, నిన్న రికార్డుల గదిలో ఆ రిపోర్టు తీయించాను. మొత్తం ఇంగ్లీషే. మధ్యలో నా పొరపాటు రాసిన పేజీ ఉంది. చేసినవారు అన్నచోట నా సంతకం. కనిపెట్టినవారు అన్నచోట, ఆ రోజు తడి చేతులు కొంగుకు తుడుచుకుని, గడి దాటకుండా ఊపిరి బిగబట్టి అక్క పెట్టిన సంతకం. అంత లావు రిపోర్టులో తెలుగు అక్షరాలు ఆ నాలుగే.