ఓపల్ తిప్పి చూడని ముక్క

హాలీవుడ్‌లో, మా ఎడిటింగ్ గదిలో, నా పక్క బల్ల ఓపల్‌ది. సినిమాలకింకా మాట రాని రోజులు. ఫిల్మును దీపం ముందు పట్టి చూసి, కత్తెరతో కోసి, జిగురుతో అతికించేవాళ్లం. యంత్రంలో తిప్పి చూసుకోవడం కొత్తవాళ్ల పనని ఓపల్ ధీమా. తెర మీద మూగ పెదాలు చూసీ చూసీ మాకందరికీ వాటిని చదవడం వచ్చేసింది. కానీ తిప్పితేనే పెదాలు పలుకుతాయి, ఊరికే పట్టుకు చూస్తే పలకవు.

హీరో రాల్ఫ్ ఓపల్ వేలికి ఉంగరం తొడిగి, రెండేళ్లు తన చుట్టూ తిప్పుకుని వదిలేశాడు. ఆ వెంటనే హీరోయిన్ వెర్నాతో కనిపించాడు. ఓపల్ కోపమంతా వెర్నా మీదకే పోయింది. అదేం న్యాయమో కానీ, నేనూ వంత పాడాను.

వాళ్లిద్దరి సినిమా ఓపల్ బల్ల మీదికే వచ్చింది. మోసపోయిన ఆడది తిరిగొచ్చి పగ తీర్చుకునే కథ. చివర్లో వెర్నా రాల్ఫ్‌ని నిలదీయాలి.

"నటన ఎలా ఒలకబోస్తోందో చూడు," అంది ఓపల్ ఫిల్ము దీపానికి పట్టి.

"బాగానే చేసిందే."

"నీకు చూపు మందగించింది, బెస్," అని కత్తెర వేసింది.

వెర్నా బాగా చేసినవన్నీ పోయి, కళ్లు సగం మూసినవి మిగిలాయి. సినిమా చూసినవాళ్లు ఆమెకు నటనే రాదన్నారు. కంపెనీ తీసేసింది.

ఊరు వదిలే రోజు వెర్నా మా గుమ్మం దాకా వచ్చింది.

"ఓపల్, ఆఖరి సీన్లో నేనన్నది చూశావా?"

"చూశాను. చూసే కోశాను."

వెర్నా "సరేలే," అని వెళ్లిపోయింది.

కోసిన ముక్కలు వారం వారం, ఫిల్ము పూతలోని వెండి తీసి అమ్ముకునేవాళ్లకు పోయేవి. వెర్నా ఆఖరి సీను ఫిల్ము చుట్ట ఒక్కటి మాత్రం ఓపల్ కోటు జేబులో ఉండిపోయింది. నెల తర్వాత దొరికితే, నవ్వుకుందామని నేనే యంత్రంలో పెట్టి తిప్పాను. వెర్నా పెదాలు కదిలాయి. అవి కథలో మాటలు కావు, నిజంగా రాల్ఫ్‌నే అన్నవి.

"ఓపల్‌కీ ఇదే పెళ్లి ప్రమాణం చేశావట. నాకివాళే తెలిసింది. ఇది తను చూస్తుంది, చూడనీ."

ఓపల్ మళ్లీ తిప్పమంది. తిప్పాను. ఆ రోజే తిప్పి చూద్దామని నేనొక్క మాట అననందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఓపల్ వెర్నాకి ఉత్తరం రాస్తే, ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. తర్వాత ముప్పై ఏళ్లు ఓపల్ ప్రతి ముక్కా తిప్పి చూశాకే కోసేది.

"కోసినందుకైతే వెర్నా క్షమించేదేమో, బెస్," అనేది. "చూసే కోశానన్నానే."