బొట్టు పెట్టిన హెడ్‌లైటు

మాది సౌకార్‌పేటలో పసుపు, కుంకుమ, గంధం టోకున అమ్మే అంగడి. తాతగారి కాలం నుంచీ ఈ ఊళ్లో సగం నుదుళ్లు మా సరుకుతోనే ఎర్రగా ఉన్నాయని నాన్న చెప్పుకునేవాడు. నేను అంత గొప్ప చెప్పుకోను. పావు నుదుళ్లు చాలు. ఏమైనా పుట్టినప్పటి నుంచీ ఎరుపు మధ్యనే బతికినవాణ్ణి. అలాంటి నాకు సైకిలు వెనక ఎర్ర దీపం ఎక్కడ ఉండాలో, ఎందుకు ఉండాలో నేర్పడానికి నా భార్య పూనుకోవలసి వచ్చింది.

ఆమె అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో లెక్కలు చూస్తుంది. మా ఇల్లు విల్లివాక్కంలో. చిత్తూరు దగ్గర చిన్నప్పుడు బడికి సైకిలు మీద వెళ్లిన పిల్ల. పెళ్లయ్యాక దిగిపోయి, నలభై దాటాక మళ్లీ ఎక్కింది. బస్సులో ఒంటికాలి మీద నిలబడే కంటే రెండు కాళ్లతో తొక్కడం నయమంది. ఏడాది పాటు కొరట్టూరు లోపలి వీధుల్లో హాయిగా వెళ్లి, పొద్దుండగానే ఇంటికి వచ్చేది. తర్వాత కంపెనీవాళ్లు ఆమెను లెక్కల విభాగానికి పెద్దను చేశారు. హోదా పెరిగింది, జీతం పెరిగింది, వాటితో పాటు పనివేళ కూడా పెరిగింది. ఇక ఇంటికి చేరేది చీకటి పడ్డాకే.

అక్కడ అడ్డం వచ్చింది మా అమ్మ. కోడలు సైకిలెక్కినప్పుడు వీధిలో పదిమందికీ చెప్పుకుని మురిసిపోయిన మనిషే, చీకట్లో అనేసరికి మొండికేసింది. రాబోయేది వానల కాలం. వీధి దీపాలు ఉన్నా లేనట్టే. లారీలవాళ్లు మనుషులను చూడరు, గుంతలను కూడా చూడరు. ఆరు దాటాక వచ్చే పనైతే ఆ పెద్ద పదవి వద్దని చెప్పి పాత పనికే పొమ్మంది. ఆమె మాట కొట్టేసేంత ధైర్యం నాకు లేదు. నా భార్యకు ఉంది కానీ, అత్తను బాధపెట్టి గెలవడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని తనే ఒక పందెం పెట్టింది.

"అత్తా, వీధి మలుపు కాడ్నుంచి వస్తా ఉంటే మీరు మేడమింద కూచోని చూడండి. మీ కండ్లకి నేను ఆడ్నే కనపడితే లారీవోళ్లకి గూడా కనపడినట్టే. కనపడకపోతే ఆ పని నాకొద్దని చెప్పేస్తా."

అమ్మ ఒప్పుకుంది. ఆమెకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ కళ్ల మీద ఆమెకు చాలా గర్వం.

ఈ కాలపు పిల్లలు దేన్నైనా లైట్ తీసుకొమ్మంటారు. మా ఇంట్లో లైట్ తీసుకోవడం అంత తేలికగా జరగలేదు. బ్రాడ్వే వైపు సైకిలు సామాన్ల అంగడికి ఇద్దరం వెళ్లాం. నాకున్నది చిల్లర బుద్ధే కానీ, చిల్లరగా కొనే బుద్ధి లేదు. టోకు వ్యాపారి కన్ను ఎప్పుడూ డబ్బా మీద ఉన్న రంగుల బొమ్మ వైపు పోతుంది. రంగురంగులుగా మిణుకుమిణుకుమనే లైటు ఒకటి ఎంచి ఆమె చేతిలో పెట్టాను. ఎన్ని రకాలుగా వెలుగుతుందో నొక్కి నొక్కి చూపించాను.

"పెండ్లి ఊరేగింపుకా నేను పోతా ఉండేది?" అని ఆమె దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేసింది.

ట్యూబులైట్ల కింద అన్ని లైట్లూ బాగానే కనిపిస్తాయని చెప్పి, చీకటి ఎక్కడుందని అంగడాయన్ను అడిగింది. ఆయన పాపం వెనక గోడౌనులోకి తీసుకెళ్లి బల్బు ఆర్పాడు. టైర్ల వాసన మధ్య నిలబడి ఒక్కొక్క లైటునూ గోడ మీదికి, నేల మీదికి, చివరికి నా మొహం మీదికి కూడా వేసి చూసింది. నా కళ్లకు అన్నిటికంటే ఎక్కువ బైర్లు కమ్మించింది ఏదో అది వద్దంది. నేనేమో దానికే ఓటేశాను. ముందు లైటు దారిని చూపించాలి కానీ ఎదుటివాడి కళ్లు పొడవకూడదని, వాడికి కళ్లు కనపడకపోతే వచ్చి గుద్దేది తననేనని చెప్పింది. నేల మీద వెడల్పుగా పరుచుకునే తెల్లటి వెలుగు ఉన్నదాన్ని తీసుకుంది. ఫోను వైరుతోనే చార్జి అయ్యేది, చూడకుండా బొటనవేలితో నొక్కితే వెలిగేది. మగ్గుతో నీళ్లు తెమ్మని దాని మీద పోసి కూడా చూసింది. అంగడాయన నా వైపు చూశాడు. నేను టైర్ల వైపు చూశాను.

ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు ఆఫీసు సంచి, అన్నం సంచి రెండూ ఖాళీవే భుజాన వేసుకుంటే నేను నవ్వాను. వాటినెందుకు తెచ్చిందో అక్కడ తెలిసింది. అంగడి ముందున్న సైకిలు క్యారియరు మీద వాటిని కట్టి చూపించింది. అందరూ సీటు కిందే బిగించుకునే ఎర్ర లైటు సంచుల చాటున పడిపోయింది. అందుకే వెనక లైటును క్యారియరు చివర బిగించే పట్టీతో సహా కొంది. ఇక హెల్మెటు. కొప్పు ఉంటే అది కూర్చోదు కాబట్టి ఆ రోజు నుంచి జడ కిందికి జారింది. గడ్డం కింద పట్టీకి, చర్మానికి మధ్య రెండు వేళ్లు పట్టేలా బిగించుకుంది. హెల్మెటు అప్పుడే ఆమె తలకెక్కింది. ఆమె మాటలు నా తలకెక్కడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది.

వెండి పట్టీలున్న చిలకపచ్చ చొక్కా చూసి ఇంట్లో అమ్మ మొహం చిట్లించింది. అది రోడ్లు ఊడ్చేవాళ్లు తొడుక్కునేది గదా అంది.

"వాళ్లు రోడ్డు మద్దిలో నిలబడి పన్జేస్తా ఉంటే బండ్లు చుట్టుకోని పోతాయి గదత్తా. నాకు కావాల్సింది అదే."

అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. కోడలు చున్నీని నడుముకు అడ్డంగా కట్టుకుని పిన్నీసు పెట్టుకోవడం, చైనుకు మూత బిగించుకోవడం చూస్తూ కూర్చుంది.

అంతలో ఆయుధపూజ వచ్చింది. మా అంగట్లో తక్కెడ, తాళాల గుత్తి, నా పాత స్కూటరు అన్నిటికీ ఎప్పటిలాగే గంధం, కుంకుమ పడ్డాయి. ఈసారి అమ్మ ప్రేమంతా సైకిలు మీదికి మళ్లింది. మా ఇంట్లో గంధానికి కొదవ లేదు, చేతికి పొదుపు లేదు. ముందు లైటు గాజు మీద అరచేయంత గంధం పూసి, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ బొట్టు పెట్టింది. వెనక ఎర్ర లైటుకూ, దాని కింద, బండ్ల వెలుగు పడితే మెరిసే బిళ్లకూ పసుపు మెత్తింది. హ్యాండిలుకు చేమంతి దండ వేసింది. సైకిలు పెళ్లికూతురులా ఉందని నేనూ మెచ్చుకున్నాను. నా భార్య చూసి దణ్ణం పెట్టుకుంది.

పండగ అయిన రెండోనాడే పందెం. మబ్బు పట్టిన సాయంత్రం. అమ్మ మేడ మీద కుర్చీ వేయించుకుంది. నేను పక్కన నిలబడ్డాను. వీధి మలుపులో ఆటోలు తిరిగాయి, మోటారు సైకిళ్లు తిరిగాయి. ప్రతిదానికీ ఇదా, ఇదా అని అమ్మ అడుగుతోంది, కాదు కాదని నేను అంటున్నాను. చివరికి మా గేటు చప్పుడైంది. కిందికి చూస్తే హెల్మెటు తీస్తూ నా భార్య.

అమ్మకు గెలిచిన సంతోషం లేదు. "గేటు కాడికొచ్చినాక గదమ్మా నాకు తెలిసింది. ఇంక ఆ పనొద్దని చెప్పేసేయ్," అంది.

నా భార్య సరే అత్తా అంది. మెట్లెక్కింది. రేపు కంపెనీలో ఏం చెప్పాలో ఆలోచిస్తున్న మొహం అది. ఆ మొహం నేను చూడలేకపోయాను. సైకిలు లోపల పెట్టే నెపంతో కిందికి దిగాను.

గోడకు ఆనించేటప్పుడు లైటు ఇంకా వెలుగుతోంది. గోడ మీద పడింది వెలుగు కాదు, పాలలో కాస్త కుంకుమ కలిపినట్టు ఏదో గులాబీ మరక. వెనకది అదీ లేదు, పసుపు ముద్ద లోపల ఏదో నిద్రపోతున్నట్టుంది. వేలితో గీకాను, రాలేదు. ఎండకు పోదు, చెమటకు పోదు, పట్టుకుంటే వదలదు అని అంగట్లో నా సరుకు గురించి నేనే రోజూ గొప్పలు చెబుతుంటాను. ఆ గొప్పలన్నీ నిజమేనని నా ఇంట్లోనే రుజువైంది.

పైకి వెళ్లి ముందు భార్యను అడిగాను, ఇది నీకు తెలియదా అని.

"దావలోనే తెలిసిందండీ. అయితే మాత్రం, అత్త పెట్టిన బొట్టు నా చేత్తో నేను తుడుస్తానా?"

ఆ మాట వంటగది గుమ్మంలో ఉన్న అమ్మకు వినిపించింది. మా ఇళ్లలో ఆడవాళ్లు కుంకుమ బొట్టు తుడవరు. తుడిచే ఒకే ఒక్క సందర్భాన్ని నోటితో కూడా చెప్పరు. నాన్న పోయాక అమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమే గుడ్డ తడుపుకుని, కొబ్బరినూనె సీసా పట్టుకుని మెట్లు దిగింది. వెనకే మేమిద్దరం దిగాం.

నూనె రాసి, నానబెట్టి, తొందర లేకుండా గాజు తుడిచింది. ఎర్ర లైటు తుడిచింది, మెరిసే బిళ్ల తుడిచింది. పూజగదిలోంచి భరిణె తెమ్మని నన్ను పంపింది. ఈసారి చిటికెడు కుంకుమ తీసుకుని, హ్యాండిలు మధ్యలో ఉన్న కడ్డీకి అద్దింది.

"బొట్టు నుదుట్న పెట్టాల గానీ కండ్లల్లో పెడితే ఎట్లా కనపడతాది? నాకే బుద్ధి లేదు," అని నా భార్య వైపు తిరిగింది. "నువ్వు మళ్లీ ఆ మలుపు కాడికి పోయి రామ్మా. నేను చూస్తా."

ఆమె వెళ్లింది. అమ్మ మళ్లీ మేడెక్కింది. మేము కుర్చీ దగ్గరికి చేరామో లేదో, మలుపు ఇంటి ప్రహరీ మీద తెల్లగా వెలుగు పారింది. సైకిలు ఇంకా తిరగనే లేదు, దాని రాక ముందే తెలిసిపోయింది. తిరిగాక దారి పొడుగునా గుంతలు కూడా నాకు లెక్కకు వచ్చాయి. ఎదురుగా వచ్చిన ఆటో పక్కకు ఒదిగింది, ఆ ఆటో వెలుగులో చొక్కా మీది వెండి పట్టీలు భగ్గుమన్నాయి.

"ఆడ వస్తా ఉండాది సూడు," అంది అమ్మ. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న ఆమెకు కూడా వినపడేలా అంది.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. వీధిలో సరే, పెద్ద రోడ్డు మీద ఎలాగో. మొదటి వాన పడ్డ సాయంత్రం అంగడి పెందలాడే కట్టేసి, చెప్పకుండా కంపెనీ గేటు దగ్గర కాచుకుని, స్కూటరు మీద ఆమె వెనక బయలుదేరాను. సన్నటి జల్లు. నా ముందు ఎర్ర లైటు ఒకటి తొణక్కుండా పోతోంది. ఆమె అంచున నక్కి పోవడం లేదు, నీళ్లు నిలిచిన చోటు వదిలి తన దారి తాను ధీమాగా తీసుకుంటోంది. కొరట్టూరు మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసి కుడిచేయి బారుగా చాచింది. నా పక్కన వస్తున్న లారీ బ్రేకు వేసి ఆగింది. అంత బండి ఆ చేతికి ఆగింది. జీవితంలో నా చేయి చూసి ఎవరైనా ఆగారంటే అది నా దగ్గర అప్పు అడిగేవాడే. ఆ చేయి నా భార్యది అని ఆ లారీ ఆయనకు చెప్పాలనిపించింది.

మలుపు తిరిగాక ఆమె పక్కకు ఆగింది. నన్ను ఎప్పుడో చూసినట్టుంది.

"కాపలాకి వచ్చినారు సరే, మీ బండికి ఎనక లైటు ఎలగడం లేదు. నా ముందర పోండి. నేను మీ ఎనక వస్తా."

దిగి చూశాను. నిజమే. ముందుకెళ్లాను. స్కూటరును నడక వేగానికి తగ్గించి, వెనక నుంచి ఆమె పరిచిన వెలుగులో, ఎక్కడ గుంత ఉందో ఎక్కడ నీళ్లున్నాయో చూసుకుంటూ, ఇంటి దాకా వెళ్లాను.