వాగు అవతల నిలబడే బండి

మా వైపు ఊళ్లకు కొత్త అంబులెన్సు మంజూరైందని తెలిసిన రోజే పెదబాపు, అంటే మా నాన్న అన్న, తన గేటు ముందు మొరం మట్టి పోయించాడు. మాజీ సర్పంచి గేటు ముందు కాక బండి ఇంకెక్కడ నిలబడుతుందని ఆయన ధీమా. ఊళ్లో ఎవరూ కాదనలేదు. ఓట్ల పెట్టె, యూరియా లారీ, నాయకుల కారు, ఏదొచ్చినా మొదట అక్కడే ఆగడం మాకు అలవాటు.

నేను కాదన్నాను.

పదో తరగతితో నా బడి ఆగింది. తరువాతి చదువంతా కాటారం గ్రంథాలయంలో, కాలు ఊగే బల్ల దగ్గర సాగింది. అట్ట ఊడిన భూగోళశాస్త్ర పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. దూరాన్ని కిలోమీటర్లలో కాదు, పట్టే సమయంలో కొలవాలని అందులో చదివి, ఆ పేజీ మొత్తం చేత్తో రాసుకున్నాను. మా ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు ఉంది. వానాకాలం అందులోంచి బండ్లు దాటలేవు. మనుషులు నడిచే సన్న వంతెన మాత్రం మునగదు. కిందటేడు నొప్పులు పడుతున్న వదినను మంచం మీద ఆ వంతెన దాటించాం. అవతల బండి లేదు. భూపాలపల్లి నుంచి అది వచ్చేసరికి బిడ్డ దక్కలేదు. మళ్లీ కడుపుతో ఉన్న వదినకు ఈ ఏడూ శ్రావణంలోనే నెలలు నిండుతాయని లెక్క.

గ్రామసభలో అధికారి ముందు లేచి నా నోటుబుక్కు తెరిచాను. ఇంటి నుంచి వంతెనకు ట్రాక్టరు మీద ఎంతసేపు, మంచం మోస్తూ దాటడానికి ఎంతసేపు, అన్నీ గడియారం చూసి రాసినవే. బండి ఇవతల ఉంటే వాగు పొంగిన రోజు దానికీ మనకూ ఒకటే గతి అని చెప్పాను.

వెనక ఎవరో నవ్వారు. పెదబాపు మాత్రం నవ్వలేదు.

"నాలుగు పుస్తకాలు సదివి నాకే చెప్పొచ్చినవా బిడ్డా? బండి నా ఇంటి ముంగట ఉంటే నీకేంది నొప్పి?"

"నొప్పి నాకు కాదు పెదబాపూ, వదినకు. పోయినేడు మంచం కోడు ఒకటి నువ్వే పట్టినవు. అవతల ఎంతసేపు నిలవడ్డమో నువ్వే చెప్పు."

ఆయన తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అధికారి 'వాగు అవతల' అని రాసి చదివి వినిపించేదాకా నేను కూర్చోలేదు.

శ్రావణంలో వాగు పొంగింది. మేం వంతెన దాటేసరికి బండి తలుపులు తెరిచే ఉన్నాయి. మేనకోడలు దవాఖానలో పుట్టింది.

పెదబాపు గేటు ముందు మొరంలో ఇప్పుడు గడ్డి మొలిచింది. ఆయన నాతో మాట్లాడడు. గ్రంథాలయానికి నేను ఆ గేటు ముందు నుంచే పోతాను, తల దించకుండా.