తువ్వాలు కింది నిక్కరు

నాకు పరుగంటే పిచ్చి. శామీర్‌పేట బళ్లో ఖోఖో ఆడే రోజుల్లో నన్ను అంటుకోవడం ఎవరి తరమూ కాలేదు. పెళ్లయి మేడ్చల్ వచ్చాక ఆ కాళ్లు ఇంటికీ బోరింగుకీ మధ్య మాత్రమే తిరిగాయి. కూతురు పుట్టి అది నడక నేర్చేసరికి నాకు ఒళ్లు బరువెక్కింది. పక్కింటి అక్కతో కలిసి పొద్దున్నే అత్వెల్లి రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. ఒకరోజు నాకు తెలియకుండానే నడక పరుగైంది.

"ఓ పిల్లా, కుక్కేమన్న ఎంబడి వడ్డదా?" అని వెనక నుంచి అక్క అరిచింది. నవ్వొచ్చి ఇంకా గట్టిగా పరిగెత్తాను.

ఇంట్లో ఏ కూర వండాలో అత్త చెప్పేది. ఏ పెళ్లికి పోవాలో, ఏ పెళ్లికి పోవద్దో మా ఆయన చెప్పేవాడు. ఆ పొద్దుటి పరుగు ఒక్కటే నాది. అదీ పోతే నాదంటూ ఇంకేమీ మిగలదని నాకు అప్పుడే తెలుసు.

కష్టం తొడల దగ్గర మొదలైంది. పంజాబీ డ్రెస్సు పైజామా కుట్టూ, చెమటా కలిసి రెండు తొడల లోపలి చర్మాన్ని ఒరిసేశాయి. ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటే, పుండు మీద కారం చల్లడమని ఎందుకంటారో అర్థమైంది. కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే అత్త చూసింది.

"గట్ల నడుస్తున్నవేంది?"

నడుం పట్టిందన్నాను. నోరు తెరిచి చెప్పుకునే చోటా అది?

నాకూ బుర్ర ఉంది. మా ఆయన పాత నూలు నిక్కరు ఒకటి తీసి, మిషను మీద వెడల్పు తగ్గించి, పైజామా లోపల తొడుక్కున్నాను. కుట్టు ఒంటికి తగలకుండా తిరగేసి మరీ తొడుక్కున్నాను. బయలుదేరే ముందు తొడలకు కాస్త కొబ్బరినూనె రాసేదాన్ని. మంట పోయింది. ఒరిసిన చోట పొక్కు కట్టి, రాలి, కొత్త తోలు వచ్చింది. నా అంత తెలివైనది మేడ్చల్‌లో లేదనుకున్నాను.

ఇల్లలకగానే పండగ కాదు కదా. ఆ నిక్కరు ఎక్కడ ఆరేయాలి? మా ఇళ్లలో ఆడవాళ్ల లోబట్టలు ఎండ చూడవు. బాత్‌రూం వెనక, గాలి కూడా తిరగని మూలలో ఒక తాడు ఉంటుంది. దాని మీద వేసి, పైన తువ్వాలు కప్పాలి. ఒకసారి తెగించి దాబా మీద ఎండలో వేశాను. మధ్యాహ్నానికల్లా అత్త దాన్ని తెచ్చి నా ముందు పడేసింది.

"పక్క దాబల మీద మగపోరగాల్లు ఉంటరు. గియ్యి ఆడ ఎండేస్తవా? ఇజ్జత్ లేదా?"

"మీ కొడుకు నిక్కరే గద అత్తమ్మా. ఎవలు గుర్తువడ్తరు?"

"నాకెర్కనే గద!"

నిక్కరు తీసుకుపోయి మళ్లీ ఆ మూలలోనే వేశాను. ఆవిడ బట్టలూ జీవితమంతా తువ్వాలు కిందే ఆరాయి.

వానాకాలం వచ్చింది. పొద్దున తీసి చూస్తే నిక్కరు చల్లగా, చెమ్మగా ఉండేది. ఇస్త్రీతో ఆరబెడదామంటే ఆ వేళకు కరెంటు ఉండేది కాదు. ఆ తడిదే తొడుక్కుని పరిగెత్తాను. తడి బట్ట పొడి బట్టకంటే ఎక్కువ ఒరుస్తుంది. మళ్లీ పుండ్లు లేచాయి. ఈసారి వాటి చుట్టూ దురదతో ఎర్రటి చక్రాలు కూడా.

మెడికల్ షాపాయన "ఏడ లేసిందక్కా?" అనడిగితే మోచెయ్యి చూపించాను. అతనిచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజులు హాయిగా ఉండి, ఆ తర్వాత ఉన్నదానికి రెండింతలు పాకింది. ఇక భరించలేక సర్కారు దవాఖానకు పోయాను. అక్కడి డాక్టరమ్మ చూసి ఇంతెత్తున లేచింది.

"ముందు ఆ ట్యూబు పారెయ్. మానేదాకా పరిగెత్తకు. స్నానం చేశాక తువ్వాలుతో రుద్దకు, మెల్లగా అద్దుకో. తడి బట్ట తొడిగితే నేనిచ్చే మందు కూడా పనిచెయ్యదు. మంచి ఎండలో ఆరేసుకో, అంతే."

అంతేనట! మందు రాసిచ్చినంత సులువుగా ఎండను కూడా రాసిచ్చింది మహాతల్లి.

పరుగు ఆపితే మానేది. మొదలుపెడితే మళ్లీ లేచేది. మా ఆయనకు విసుగొచ్చింది. "గా పరుగు బంజెయ్యరాదు? నిన్ను ఎవలు తరుముతున్నరని?" అన్నాడు. అలా అనేవాళ్లే గానీ, దాబా మీద ఒక తాడు కడతానన్న వాళ్లు లేరు. బంద్ చేశాను. నా బూట్లు మెట్ల కిందే ఉండిపోయి, వాటిలో ఎలుక పిల్లల్ని పెట్టింది. చర్మం మాత్రం నున్నగా అయింది. ఏం చేసుకోను దాన్ని?

కొన్నేళ్లకు అత్త పోయింది. నా కూతురు పెద్దబడికి వచ్చి ఖోఖోలో చేరింది. ఒక సాయంత్రం అది కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తూ వచ్చింది. దాన్ని చూసి నాకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. ఇప్పుడు నాకు అన్నీ తెలుసు. ఇంట్లో అడ్డం చెప్పే మనిషి కూడా లేదు. నూలు నిక్కర్లు కొన్నాను. నూనె ఎప్పుడు రాయాలో, కుట్టు ఎటు ఉండాలో చెప్పాను. వాటిని ఉతికి, దాబా మీద తాడు కట్టి, ఎండ నడిమధ్యలో ఆరేశాను. చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం పోయి చూస్తే తాడు మీద అవి లేవు. బాత్‌రూం వెనక మూలలో, తువ్వాలు కింద ఉన్నాయి.

"ఎవలు తెచ్చిన్రే గివి?"

"నేనే."

"ఎందుకు? గా ఎండ మంచిగుంటదని జెప్పిన గద!"

"అందరు సూస్తరు గదమ్మా. ఇజ్జత్ పోతది."

"నీకెవలు జెప్పిన్రే గీ ముచ్చట?"

"ఎవలు జెప్పుడేంది? నీయి నువ్వు గిట్లనే ఆరేస్తవు గదా."

తిట్టాను, బతిమాలాను. రోజూ నేను దాబా ఎక్కి వెయ్యడం, అది దిగి దాచడం. పుండ్లు తగ్గలేదు. చివరికి ఒకరోజు "ఇగ నేను ఖోఖోకు పోను తియ్యి" అంది. నిక్కర్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. అవి అప్పటికింకా తడిగానే ఉన్నాయి.