చెప్పి నరకమన్న చిన్నాయన

మా చిన్నాయన పోయాడని పోయిన నెలలో ఒక పొద్దున బద్వేలు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా పెదనాయన కొడుకు. పన్నెండేళ్లుగా నేను పగబట్టిన మనిషి. "చిన్నాయన పోయినాడప్పా" అన్నాడు. "ఊఁ" అని పెట్టేశాను. ఆ వార్త వాని నోట వినాల్సి వచ్చిందే అని ఆ బాధలోనూ పళ్లు కొరికాను.

పన్నెండేళ్ల కింద సర్పంచి ఎలక్షన్లతో మా ఊరు రెండు పార్టీలైంది. టీ హోటళ్లు కూడా రెండు. చిన్నాయన సుగరున్నా ఈ హోటల్లో సగం గ్లాసు, ఆ హోటల్లో సగం గ్లాసు తాగేవాడు. ఎవరైనా అవతలివాళ్ల మీద చెప్పబోతే తుండుగుడ్డ దులిపి లేచేవాడు. "మనిషి లేనిచోట మాట నాకొద్దప్పా. వాని ముందర చెప్పు, నేనూ వచ్చి వింటా."

ఆ ఎలక్షన్లయిన మూడో రోజు నా చీనీ తోటను, అదే బత్తాయి తోటను, ఒక్క చెట్టు మిగలకుండా నరికేశారు. కాయ అప్పటికి నిమ్మకాయంత ఉంది. నరికింది మా పెదనాయన కొడుకేనని ఊరంతటికీ తెలుసు. నాకు మాట్లాడటం చేతకాదు. గొడ్డలి నూరుకుంటూ కూర్చున్నాను. చిన్నాయన వచ్చాడు. వద్దంటాడనుకున్నాను.

"నరుకు. అయితే పోయి వానికి చెప్పి నరుకు."

"వాడు నాకు చెప్పినాడా?"

"చెప్పకుండా నరికేదానికి వాడొకడు సాలడా?"

నాకు నరకడం కంటే చెప్పడం కష్టం. చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. వాని వాకిట్లో నేల చూస్తూ, "నీ చెట్లు నరుకుతాండా" అన్నాను.

"ఎప్పుడు?" అన్నాడు వాడు.

చిన్నాయన నవ్వాపుకోలేక దగ్గాడు. దగ్గు తగ్గాక వాని వైపు తిరిగాడు. "నువ్వు చెప్పురా. ఎందుకు నరికినావు?"

"ఆ పక్క ఓటేసినాడు. కడుపు మండింది, నరికినా."

"నేను ఓటే వేయలే," అన్నాను. "జరమొచ్చి పండుకున్నా."

వాడు అరుగు మీద చతికిలబడ్డాడు. "అయితే నరుకు. నేను అడ్డం రాను."

ఆ మాటకే నాకు ఇంకా మండింది. ఎదురు తిరిగి ఉంటే ఆ రోజే నరికేవాణ్ణి. తప్పు ఒప్పుకుని పక్కకు జరిగిన వాణ్ణి ఏం చేయాలి?

అప్పటి నుంచి ఏటా వాని చెట్లు కాపుకొచ్చినప్పుడు చిన్నాయన మా ఇంటికి వచ్చేవాడు.

"ఇంకా నరకాలని ఉండాదా?"

"ఉండాది."

"పా, చెప్పొద్దాం."

నేను చెప్పేవాణ్ణి, వాడు వినేవాడు. వాళ్లింట్లో నేను నీళ్లు కూడా ముట్టలేదు. నా వంతు మజ్జిగ కూడా చిన్నాయనే తాగేవాడు. వాని చెట్టు ఒక్కటి ఎండినా ఆ పూట నాకు అన్నం ఇంపుగా దిగేది. ఆ సంగతీ చిన్నాయనకు తెలుసు. మన్నించమని మాత్రం ఆయన ఏనాడూ అడగలేదు. అందుకే ఆయన వెంట పోయాను. ఆయన లేకుంటే గొడ్డలి పట్టుకుని పోయి ఉండేవాణ్ణి.

చిన్నాయనకు పెద్దదినం కర్మ అయిన మర్నాడు ఒక్కణ్ణే వాని దగ్గరికి పోయాను. వాడు తోటలో పాదులు తీస్తున్నాడు.

"నరకాలని ఉండాది," అన్నాను.

వాడు నా చేతుల వైపు చూశాడు. "గొడ్డలి యాడ?"

"చెప్పేదానికి వచ్చినా."

పార పక్కన పెట్టాడు. "యాడ మొదలుపెడతావు?"

అన్నిటికంటే పెద్ద చెట్టు దగ్గరకు పోయి మొదలు మీద చెయ్యి ఆనించాను. కాయల బరువుకు కొమ్మలు నేలకు వంగి ఉన్నాయి. చిన్నాయన శవం లేచేటప్పుడు కూడా ఏడవని ఆ మనిషి నా వెనకాల బావురుమన్నాడు. నేను ఓదార్చలేదు. చెయ్యీ తీయలేదు. చెట్టు బంక అరచేతికి అంటుకుంది. ఇంటికి వచ్చి ఎంత కడిగినా, ఆ రోజంతా నా వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటూనే ఉన్నాయి.