ఈశ్వరమ్మక్క అడిగినట్టు

మాదాపూర్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. అక్కడ టీ, కాఫీలు చూసేది ఈశ్వరమ్మక్క, కప్పులు కడిగేది నేను. అక్కది అనంతపురం వైపు. ఇరవై ఏళ్లుగా బోరబండలో ఉంటోంది. బడికి పోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "నువ్వు సదివినావు కదప్పా, టీలో చక్కెర ఎంతెయ్యాలో చెప్పు" అంటుంది.

మా ఆఫీసు వాళ్లు ఇళ్లలో పనులు చూపించే యాప్ నడుపుతారు. వంట, ఇల్లు తుడవడం, పసిపిల్లల్ని చూసుకోవడం లాంటివి. బోరబండ ఆడవాళ్లకు అందులో తెలుగులో అడిగితే ఏమీ దొరికేది కాదు.

ఒక సోమవారం మేము టీ ఇస్తుంటే, యాప్ పనంతా చూసే రవికిరణ్ సార్ అన్నారు.

"శుక్రవారం తెలుగు సెర్చ్ తీసేద్దామండి. మన సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషు మాటల్ని విడదీసి గుర్తుపట్టే ఎనలైజర్ ఉంది, తెలుగుకి లేదు. పైగా వాడేవాళ్లు కూడా లేరు."

అక్క ట్రే కింద పెట్టింది. "అడిగి అడిగి ఇసుగొచ్చి మానుకున్నారు సార్."

"మేం చూశాం కదమ్మా. వస్తోంది."

"ఏమని అడిగినారు?"

సార్ చూపించారు. ప్రకటనలోని మాటల్నే కాపీ చేసి వేశారు. ఆ ప్రకటనే వచ్చింది. రోజూ అందరూ అలాగే పరీక్షిస్తారు.

అక్క తన ఫోను తీసి మైకు నొక్కింది. "నార్సింగిలో వంటకు మనిషి కావాల్నా?" ఏమీ రాలేదు. నార్సింగి వంట ప్రకటనలు అప్పటికి నలభై ఉన్నాయి.

"మనుషులు అడిగేది ఇట్ల సార్. మీరడిగినట్టు ఎవురూ అడగరు."

యాప్‌కి కోడు రాసే తేజస్విని మేడమ్‌ది కర్నూలు. ఆమె కుర్చీ ఇటు తిప్పింది. "ఇట్లాంటివి ఇంకొన్ని తెస్తావా అక్కా?"

"ఎన్ని గావాల?"

రెండు రోజులు పొద్దున్నే బోరబండ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డ ఆడవాళ్లను అక్క అడిగింది, నేను నోట్‌బుక్కులో రాశాను.

"ఏందక్కా, కొత్త నౌకరీ దొరికిందా?" అని ఒకామె నవ్వింది.

"దొరికింది, జీతమే లేదు. నువ్వు ఫోన్ని ఏమని అడుగుతావో జర చెప్పు."

ఎనభై ప్రశ్నలయ్యాయి. తేజస్విని మేడమ్ ప్రకటనల్లోని ప్రతి మాటనూ రెండేసి అక్షరాల ముక్కలుగా కోసి యాప్‌లో దాచింది. ఎవరు ఎలా అడిగినా కొన్ని ముక్కలైనా కలుస్తాయని. జీడిమెట్ల ఏరియాలో పని అడిగితే, ‘మెట్ల’ ముక్క కలిసి, ఎక్కడెక్కడి మెట్లు తుడిచే పనులో వచ్చాయి. మూడేసి అక్షరాలకు కోసింది. అప్పుడు జీడిమెట్ల పనులే వచ్చాయి.

శుక్రవారం రవికిరణ్ సార్ మళ్లీ ప్రకటన కాపీ చేయబోతే అక్క నోట్‌బుక్కు తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఇందులోవి అడుగు సార్."

ఎనభైలో అరవై మూడు దొరికాయి.

"సరేనండి, సెర్చ్ ఉంచుదాం," అన్నారు సార్. "మిగతా పదిహేడూ చిన్న విషయమే."

"ఆ పదిహేడు మంది ఎవురో నాకు తెలుసు. మిమ్మల్ని బోరబండ స్టేషన్‌కు తీసుకుపోతా. చిన్న ఇషయమని వాళ్లకు మీరే చెప్పండి."

ఆయన టీ కోసం చేయి చాపారు. అక్క కప్పు ఇవ్వలేదు, ఆయన రానివాటి పక్కన గుర్తు పెట్టేదాకా.

ఆ పదిహేడులో ఇప్పుడు పదకొండు మిగిలాయి. సోమవారాల్లో సార్ టేబుల్ మీదికి ముందు నోట్‌బుక్కు వెళుతుంది, తర్వాతే టీ.