ఒక్కగానొక్క బెంచీ

కలకత్తా భవానీపూర్‌లో నేను చరిత్ర చెప్పే స్కూల్లో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి అమెరికా అని ఒక పాఠం ఉంది. అదేం ఖర్మో, అది ఎప్పుడూ టిఫిన్ తర్వాతి పీరియడ్‌లోనే వస్తుంది. ఇంటింటికీ ఫ్రిజ్, వాకిట్లో కారు, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళు, ఫ్యాక్టరీల నుంచి మళ్ళీ వంటింటికి పంపేసిన ఆడవాళ్ళు. అక్కడిదాకా వచ్చేసరికి సగం క్లాసు కళ్ళు మూతలు పడతాయి. నల్లవాళ్ళు బస్సులో ఏ సీట్లో కూర్చోవాలన్న గొడవ మొదలయ్యేసరికి మిగతా సగం కూడా ఒరిగిపోతుంది. అప్పుడు నేను పుస్తకం మూసేసి మా ముత్తాత కథ అందుకుంటాను. క్లాసు లేచి కూర్చుంటుంది.

ఆ కథ చెప్పడంలో నాది ఇరవై ఐదేళ్ళ సర్వీసు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు మార్చాలో నాకు కొట్టిన పిండి. కాసిని చిలవలు పలవలు కూడా చేర్చాను, దాచను.

ముత్తాత, అంటే మా మామ్మ వాళ్ళ నాన్న, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో మూటలు మోసేవాడు. ఆదివారం మాత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని, వాట్‌గంజ్‌లో మా తెలుగు చర్చి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకి చోటు చూపించేవాడు. అందరూ కింద చాపల మీదే. ఓడల్లో వచ్చిన పెట్టెల చెక్కతో చేసిన బెంచీ ఒక్కటే ఉండేది. అది అతిథులకి. పాదిరిగారి భార్యకి మోకాళ్ళ నొప్పులొచ్చినా సరే, దాని మీద కూర్చోవడానికి వీల్లేదు.

యుద్ధం రోజుల్లో కలకత్తా నిండా అమెరికా సిపాయిలు. ఒక ఆదివారం తెల్ల సిపాయి ఒకడు దారి తప్పి మా చర్చిలోకి వచ్చాడు. ముత్తాత అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. కాసేపటికి నల్ల సిపాయి ఒకడు గుమ్మం దాకా వచ్చి, లోపల తెల్లవాణ్ణి చూసి, వెనక్కి తిరిగాడు. వాళ్ళ సైన్యంలో ఇద్దరికీ పడకలు వేరు, తిండి వేరు, ప్రార్థన కూడా వేరు. ముత్తాత వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అదే బెంచీ మీద, తెల్లవాడి పక్కనే కూర్చోబెట్టాడు. తెల్లవాడు కందగడ్డలా ఎర్రబడి లేచాడు.

ఇక్కడ నేను ఆగుతాను. పిల్లలు ముందుకి వంగుతారు.

పాపం అమాయకుడు మా ముత్తాత, వచ్చిన దొర మర్యాదకి లేచి చోటిస్తున్నాడనుకున్నాడు. భుజం మీద చెయ్యేసి "కూకో బావూ, కూకో" అని నొక్కేశాడు! మూటలు మోసిన చెయ్యి. దొర చతికిలబడ్డాడు. ఆఖరి పాట అయ్యేదాకా ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నారు. అమెరికాలో పెద్ద పెద్దవాళ్ళ వల్ల కాని పని మా ముత్తాత పప్పులో కాలేసి చేసేశాడని ముగిస్తాను. తెలుగు ముక్క రాని బెంగాలీ పిల్లలు కూడా పగలబడి నవ్వుతారు. ఆ తర్వాత వారం రోజులు వరండాలో ఒకరి భుజం ఒకరు నొక్కుతూ "కూకో, కూకో" అని అరుస్తూనే ఉంటారు.

కథకి తోక కూడా ఉంది. యుద్ధం అయిపోయిన పదేళ్ళకో ఎప్పుడో ఆ నల్లాయన దగ్గర్నుంచి మా చర్చికి ఒక ఉత్తరం వచ్చిందట. వాళ్ళ ఊళ్ళో నల్లవాళ్ళంతా బస్సులెక్కడం మానేశారనీ, వెనక సీట్లకి పొమ్మన్నంత కాలం నడిచే పనికి వెళ్తామంటున్నారనీ, కాళ్ళు నొప్పి పుట్టినప్పుడల్లా మీ బెంచీ గుర్తొస్తోందనీ రాశాడట. పాదిరిగారు దాన్ని తెలుగులో చదివి వినిపించారట. తర్వాత ఆ ఉత్తరం వానల్లో తడిసి పోయింది. బెంచీ మిగిలింది.

మొన్న ఆ బెంచీకే గండం వచ్చింది. చర్చికి ప్లాస్టిక్ కుర్చీలొచ్చి చాలా కాలమైంది. బెంచీకి చెదలు పట్టింది, పైగా కొత్త సౌండ్ బాక్సుకి అదే అడ్డం. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని కమిటీ అనుకుంది. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి తొంభై దాటిన మా మామ్మ సరిగ్గా అన్నం తినలేదు. "నీకు నోరుంది కదే, నువ్వు సెప్పు. మా అయ్య బెంచీ పోనీకు" అంది. మామ్మ అంతకు ముందు నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు.

నోరుందన్నాక ఆగుతానా! ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగులో లేచి కథ మొత్తం చెప్పాను. గొంతు మార్చాను, పక్కనున్నావిడ భుజం నొక్కి మరీ చూపించాను. చర్చి చర్చంతా నవ్వింది. నా కథ పండిందని నేనూ నవ్వాను.

సెక్రటరీ నాకన్నా చిన్నవాడు, కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "బలేగుంది దీదీ! ఆ బెంచీని ఓ ఫొటో తీసి, కింద ఈ జోకు రాసి గోడకి తగిలిద్దాం. బెంచీ మాత్రం ఇచ్చీద్దాం" అన్నాడు. చాలా చేతులు లేచాయి.

అప్పుడు మామ్మ లేచింది. కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంది.

"జోకేటి?" అంది. "మా అయ్య ఎర్రిబాగులోడు కాడు. ఎరక్క కూకోబెట్టనేదు, ఎరిగే కూకోబెట్టినాడు. రేవులో ఆ సిపాయిలకి నీల్ల పీపాలు రెండుండీవి. తెల్లోలకొకటి, నల్లోలకొకటి. రోజూ సూసీవోడికి ఎరికుండదా?"

మామ్మ కర్రతో బెంచీని తట్టింది.

"ఆయేళ నానక్కడే ఉన్నాను, పదేల్ల గుంటని. ఇంటికొస్తా అడిగినాను. అయ్యా, ఆ తెల్లాయన లెగిసి పోతానంటే ఎందుకు నొక్కీసినావు అని. ఏటన్నాడో తెలుసా? 'మనూర్లో నాను కూకుంటే పక్కనున్నోడు లెగిసిపోడమే సూసినాను గుంటా, పుట్టినకాడ్నుంచీ. ఒక్కడ్నైనా కూకోబెట్టాలనిపించింది' అన్నాడు."

చర్చిలో కులం లేదని మేం గట్టిగానే చెప్పుకుంటాం. పెళ్ళి సంబంధం వస్తే మాత్రం "మీదే ఊరు, ఏ వీధి" అని మూడుసార్లు అడుగుతాం. అందుకని ఆ ముక్క ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. చెదల మందు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటానని సెక్రటరీ గొణిగాడు.

నాకు మాత్రం తేలుకుట్టిన దొంగలా ఉంది. పప్పులో కాలేసింది ముత్తాత కాదు, నేను. అదీ ఇరవై ఐదేళ్ళపాటు, చరిత్ర టీచర్ని అయ్యుండి. సిగ్గుతో చచ్చిపోయాను.

దారిలో మామ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తూ అడిగాను. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మామ్మా?"

"నువ్వు సెప్పినప్పుడల్లా అందరూ నవ్వీవోరు. నవ్వేవోల మద్దిన ఏటి సెప్పమంటావు?" అంది. కొంచెం దూరం వెళ్ళాక, "బెంచీ పోతాదని సెప్పినాను. నేకపోతే సెప్పకపోదును" అంది.

సోమవారం మళ్ళీ అదే పాఠం, అదే పీరియడ్. పై క్లాసువాళ్ళు ముందే ఊదినట్టున్నారు, నేను పుస్తకం మూయగానే పిల్లలు నవ్వడానికి సిద్ధమైపోయారు. ఒకడైతే పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు. తెల్లవాడు లేచిన చోటికి వచ్చాను. అలవాటుగా ఆగాను. కానీ ఈసారి గొంతు మార్చలేదు.

"మా ముత్తాతకి అంతా తెలుసు" అన్నాను.